బ్రిడ్జ్ హ్యామక్‌కి కార్బన్ స్ప్రెడర్ బార్లు: ఎంత లావు గొట్టం తీసుకోవాలి?

కొండబాట
నమస్తే. వర్జీనియాలో అపలాచియన్ ట్రెయిల్ మీద నడకకి సామాను బరువు తగ్గిస్తున్నాను. నాది బ్రిడ్జ్ హ్యామక్, అంటే రెండు చివర్లా అడ్డంగా బార్లు పెట్టి గుడ్డని వెడల్పుగా ఉంచే ఉయ్యాల పడక. తలవైపు 36 అంగుళాలు, కాళ్లవైపు 30 అంగుళాల అల్యూమినియం బార్లు. రెండూ 16 మి.మీ. లావు, గోడ మందం 1 మి.మీ. నా బరువు 82 కిలోలు, కప్పుకునే క్విల్టూ, కింద పరిచే ప్యాడూ కలిపి 90 అనుకోండి. అదే 1 మి.మీ. మందంతో 12, 14, 16 మి.మీ. కార్బన్ ఫైబర్ గొట్టాలు దొరుకుతున్నాయి. కార్బన్ అంత గట్టిదైతే 12 సరిపోదా? ముక్కలుగా విడదీసి సంచిలో పెట్టుకునేలా ఉండాలి.

గొట్టంలెక్క
12 వద్దండీ. ఇక్కడ బార్ తెగిపోదు, నలిగిపోదు. రెండు చివర్లనుంచి లోపలికి నొక్కుడు పడి, విల్లులా వంగి, నడుమ విరుగుతుంది. అందుకే అమ్మేవాళ్లు చెప్పే "ఇన్ని రెట్లు గట్టిది" అన్న మాట మీకు పనికిరాదు. చూడాల్సింది పదార్థం బిగువు (వంగకుండా నిలిచే గుణం), గొట్టం వ్యాసం, పొడవు. పొడవు రెట్టింపైతే తట్టుకునే బరువు నాలుగో వంతుకి పడిపోతుంది.

ఎంత నొక్కుడుకి గొట్టం వంగిపోతుందో చెప్పే ఆయిలర్ సూత్రంతో 36 అంగుళాల బార్‌కి లెక్క కట్టాను. కార్బన్ బిగువు 100 గిగాపాస్కల్స్ అనుకున్నాను, గుడ్డ చుట్టి చేసిన గొట్టాలకి ఇది మరీ తక్కువేం కాదు. 12 మి.మీ. గొట్టం 63 కిలోల దగ్గర వంగిపోతుంది, 14 అయితే 104 దగ్గర, 16 అయితే 160 దగ్గర. మీ దగ్గరున్న అల్యూమినియం బార్‌కి 112. బరువులు చూడండి: 12 మి.మీ. 49 గ్రాములు, 14 మి.మీ. 58, 16 మి.మీ. 67, అల్యూమినియం 116. అంటే 12 నుంచి 16కి వెళ్తే పెరిగేది 18 గ్రాములు, బలం మాత్రం రెండున్నర రెట్లు. ఆ 18 గ్రాముల దగ్గర పిసినారితనం దేనికి?

ఇక మీద పడే భారం. తలవైపు సగం కంటే కాస్త ఎక్కువే పడుతుంది, 50 కిలోలు అనుకుందాం. చెట్టుకి వెళ్లే పట్టీ నేలకి 30 డిగ్రీల వాలులో ఉంటే దాని లాగుడు 100 కిలోలు. 20 డిగ్రీలకి బిగిస్తే 146. ఈ లాగుడు బార్ రెండు చివర్లకి వెళ్లే రెండు తాళ్లలో పంచుకుంటుంది. ఆ తాళ్లు ఒక్కొక్కటి 36 అంగుళాలుంటే బార్ మీద నొక్కుడు 29 కిలోలు. 24 అంగుళాలకి కుదిస్తే 57. ఇది తాళ్ల వైపు లెక్కే. హ్యామక్ గుడ్డ అంచు కూడా లోపలికి లాగుతుంది కాబట్టి రెట్టింపు వేసుకోండి, ధబాలున కూర్చునే ఊపుకి ఇంకో సగం కలపండి. పొడుగు తాళ్లతో 87 కిలోలు, పొట్టి తాళ్లతో 171. పొట్టి తాళ్లకి 16 మి.మీ. కార్బన్ కూడా చాలదు. బార్ మార్చేముందు తాళ్ల పొడవు కొలవండి.

తలవైపు 16, కాళ్లవైపు 14 తీసుకోండి. 30 అంగుళాల్లో 14 మి.మీ. గొట్టం 150 కిలోల దాకా ఆగుతుంది, పైగా ఆ వైపు భారమూ తక్కువ. ఇదంతా ఒకే ముక్కగా, నిటారుగా ఉన్న గొట్టానికి లెక్క. అతుకులు వస్తే తగ్గుతుంది.

తాడూకర్రా
ట్రెక్కింగ్ పోల్స్ ఉన్నాయా? ఉంటే వాటినే బార్లుగా వాడితే అదనపు బరువు సున్నా. 36 అంగుళాలకి కుదించినప్పుడు ఒకదాంట్లో ఒకటి దూరి ఉండటం వల్ల నడుమ బిగువుగానే ఉంటాయి. తిప్పి బిగించే తాళం ఉన్నవి మాత్రం వద్దు, నొక్కుడుకి జారిపోతాయి. మీట వేసే రకమైతే స్క్రూ బిగించి చూసుకోండి. కార్బైడ్ మొనకి రబ్బరు తొడుగు వేయకపోతే గుడ్డ చిరుగుతుంది. వానకి పైన కప్పే టార్ప్ కట్టడానికి కూడా అవే పోల్స్ కావాలంటే ఈ దారి మూసుకుపోయినట్టే.

కొండబాట
నాకు పోల్స్‌తో నడిచే అలవాటు లేదండీ. తాళ్లు కొలిచాను, ఒక్కొక్కటి 33 అంగుళాలు. అతుకుల సంగతి చెప్పండి. రెండు ముక్కలా, మూడా?

ఫెరూల్
మూడు. రెండు ముక్కలు చేస్తే అతుకు సరిగ్గా నడుమ, అంటే వంపు అత్యధికంగా ఉండే చోట పడుతుంది. మూడింట్లో 12 అంగుళాల ముక్కలు సంచిలో నిలువుగా పడతాయి, అతుకుల దగ్గర వంపు భారం కూడా కొంచెం తక్కువ.

14 మి.మీ. గొట్టం 16 దాంట్లోకి దూరుతుంది, కాబట్టి కాళ్లవైపు బార్‌కి కొన్న గొట్టంలో మిగిలిన ముక్కే తలవైపు బార్‌కి ఫెరూల్, అంటే రెండు ముక్కల్నీ లోపలినుంచి కలిపే చిన్న గొట్టం. ఒక్కో ఫెరూల్ 10 సెం.మీ., అటు 5, ఇటు 5. బిగుతుగా ఉంటే 400 నంబరు నీటి కాగితంతో ఫెరూల్‌నే రుద్దండి, బార్ లోపలి వైపు ముట్టుకోవద్దు. గీసుకుపోకుండా, ఆడకుండా దూరాలి. వదులుగా ఉంటే అతుకు దగ్గర ముందే చిన్న కోణం ఏర్పడుతుంది, ఆ కోణంలోంచే వంపు మొదలవుతుంది. ఒక సగాన్ని ఎపాక్సీతో అంటించండి, రెండో సగం విడిగా. అయిదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ ఎండకి కారులో వదిలేస్తే మెత్తబడుతుంది, నెమ్మదిగా ఆరే రకం కొని ఒక రోజు వదిలేయండి. అంటించే ముందు రెండు ముఖాలూ 120 కాగితంతో గరుకు చేసి అసిటోన్‌తో తుడవాలి.

చాలామంది వదిలేసే పని ఒకటుంది. ఫెరూల్ దూరే మూతి దగ్గర గొట్టం నిలువునా చీలుతుంది. పోగులన్నీ ఒకే దిక్కుగా ఉండే పల్ట్రూడెడ్ గొట్టాల్లో ఇది మరీ ఎక్కువ. ఆ మూతి చుట్టూ బయట 2 సెం.మీ. మేర సన్నటి పాలిస్టర్ దారం పక్కపక్కనే బిగించి చుట్టి ఎపాక్సీ పూయండి, గాలపు కర్రలకి రింగులు కట్టినట్టు. రెండు చివరి మూతులకీ అదే.

చివరి మొనలు అల్యూమినియంవైతే కార్బన్‌కి నేరుగా తగలకూడదు. తడి, ముఖ్యంగా ఉప్పు తేమ తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది. నడుమ ఎపాక్సీ పొర ఉంటే చాలు. మొన సరిగ్గా గొట్టం మధ్యలో ఉండాలి. తాడు ఉచ్చు ఒక పక్కకి వేలాడితే బార్‌ని మీరే వంచుతున్నట్టు.

కోసేటప్పుడు: గుర్తు మీద మాస్కింగ్ టేపు రెండు చుట్లు, అంగుళానికి 32 పళ్ల హాక్సా బ్లేడు, గొట్టాన్ని తిప్పుతూ చుట్టూ కోయాలి, ఒకే వైపునుంచి కోస్తే చివర్లో పోగులు లేస్తాయి. N95 మాస్కు, చేతికి గ్లవ్స్, తడిబట్ట. ఆ దుమ్ము ఊపిరితిత్తులకీ చర్మానికీ మంచిది కాదు.

గొట్టంలెక్క
33 అంగుళాల తాళ్లయితే నా లెక్కలో నొక్కుడు 98 కిలోల దాకా వస్తుంది. 16 మి.మీ. 160 నుంచి అతుకులకి నాలుగో వంతు తీసేసినా 120, సరిపోతుంది. 14 తలవైపు పెట్టారా, మిగులు ఉండదు. మొత్తం ఆదా రెండు బార్లకీ కలిపి 98 గ్రాములు, అందులో ఫెరూల్స్, జిగురు, దారం పోను 70 చిల్లర. దానికి ఇంత ఖర్చు అవసరమా అన్నది మీ ఇష్టం. తాళ్లని 40 అంగుళాలకి పెంచడం దాదాపు ఉచితం.

కొండబాట
తాళ్లు పెంచుతాను, బార్లు కూడా చేసుకుంటాను. అల్యూమినియం విరిగేముందు వంగి చెప్తుంది కదా, కార్బన్ సంగతి?

ఫెరూల్
చెప్పదు, ఒక్కసారిగా పగిలి సూదుల్లాంటి పెచ్చులు లేస్తాయి, అదీ మీ తల దగ్గర. అందుకే తలవైపు బార్ ముక్కలకి హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడికి ముడుచుకుని పట్టుకునే ప్లాస్టిక్ తొడుగు) తొడగండి, పెచ్చులు లోపలే ఆగుతాయి. ముక్కకొకటి వేరుగా తొడగాలి, అతుకు మీదుగా వేస్తే విడదీయలేరు. చివర్లు మాత్రం కనబడేలా వదలండి. కట్టేముందు ప్రతిసారీ ముక్కని నాణెంతో మీదనుంచి కిందకి తట్టండి. ఒకచోట మోత మందంగా మారితే లోపల పొరలు విడిపోయినట్టు, ఆ ముక్క పక్కన పడేయండి. మొదటిసారి మీరెక్కకుండా నీళ్ల క్యాన్లతో 90 కిలోలు వేసి పక్కనుంచి చూడండి. బార్ కంటికి కనిపించేంత వంగితే లావు చాలలేదు, లేదా అతుకు వదులుగా ఉంది.