బ్రెగ్జిట్‌తో బ్రిటన్ పార్లమెంటుకు అసలు తిరిగొచ్చిందేమిటి? తెలిసినవాళ్లు చెప్పరూ

లెస్టర్‌లో ఉండే మా బావగారు 2016 జూన్ 23 రెఫరెండంలో యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బ్రిటన్ బయటికి రావాలనే ఓటేశారు. (అప్పటికి ఆయనది భారత పాస్‌పోర్టే. కామన్వెల్త్ పౌరులకు ఓటిచ్చి, ఏళ్ల తరబడి అక్కడే ఉంటున్న ఫ్రెంచివాళ్లకు, జర్మన్లకు ఇవ్వలేదు. అదో వింత.) ఆయన వాదన ఒక్కటే: చట్టాలు ఇక్కడి పార్లమెంటే చెయ్యాలి, పైన ఇంకో కోర్టు (ఈయూ కోర్టు) ఉండకూడదు.

నాకు కొరుకుడుపడనిది ఇక్కడే. ఈయూ చట్టానికి బ్రిటన్‌లో పైచేయి ఇచ్చింది 1972లో అదే పార్లమెంటు చేసిన చట్టం కదా. దాన్ని రద్దు చేసే అధికారం ఎప్పుడూ దాని చేతిలోనే ఉంది. 2017లో ప్రభుత్వం వేసిన శ్వేతపత్రం కూడా పార్లమెంటు ఆ కాలమంతా సార్వభౌమంగానే ఉందని, కాకపోతే అన్నివేళలా అలా అనిపించలేదని ఒప్పుకుంది. మరి పోయిందేమిటి, వచ్చిందేమిటి?

పైగా మొత్తం మీద 51.9 శాతం వెళ్దామన్నా, స్కాట్లాండ్‌లో 62 శాతం ఉందామన్నారు. ఉత్తర ఐర్లండ్‌లోనైతే సరుకుల విషయంలో ఇప్పటికీ చాలా ఈయూ నిబంధనలే నడుస్తున్నాయి. వాటిని తయారుచేసే చోట వాళ్లకు ఓటు లేదు. ఇది అడిగితే బావగారు క్రికెట్ మీదికి వెళ్లిపోతారు.

రాజ్యాంగ చట్టం చదివినవాళ్లు గానీ, అక్కడ ఉంటున్నవాళ్లు గానీ చెప్పండి: 2020లో బయటపడ్డాక వెస్ట్‌మినిస్టర్ (బ్రిటన్ పార్లమెంటు) అంతకుముందు చెయ్యలేని పని ఏం చెయ్యగలిగింది? వలస నిబంధనలు, సొంత వాణిజ్య ఒప్పందాలు తెలుసు. అవి కాక? ఈయూ చట్టానికి విరుద్ధమని బ్రిటన్ పార్లమెంటు చట్టాన్నే కోర్టు పక్కనపెట్టిన ఫ్యాక్టర్‌టేమ్ కేసు తీర్పును తేలిక తెలుగులో ఎవరైనా వివరిస్తే మరీ మంచిది.