పిండిలో ఎర్ర పురుగులు, బియ్యంలో నల్లవి: రెండూ ఒకటేనా?

ప్రశ్న: గోధుమపిండి డబ్బాలో సన్నటి ఎర్ర పురుగులు, పక్కనున్న బియ్యంలో నల్లవి. డబ్బాలు కడిగి, ఆరబెట్టి, కొత్త సరుకు పోసినా నెల తిరిగేసరికి మళ్లీ తయారు. ఎక్కణ్నుంచి వస్తున్నాయి? వేపాకు వేస్తే ఆగుతాయా?

జవాబు 1: ఒకటి కాదండీ. నల్లదాన్ని తెల్లకాగితం మీద వేసి చూడండి. పొడుచుకొచ్చిన ముక్కు, వీపు మీద నాలుగు మసక ఎర్రమచ్చలు ఉంటే అది ముక్కు పురుగు. ఆడది గింజకు బెజ్జం చేసి, గుడ్డు పెట్టి, పైన జిగురుతో పూడ్చేస్తుంది. పిల్ల పురుగు గింజలోనే పెరుగుతుంది. వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి సుమారు నెల. కాబట్టి కొత్త సరుకులోనే గుడ్లు వచ్చి ఉండొచ్చు. జల్లెడ పడితే పైన తిరిగేవే పోతాయి.

ఎర్రది పిండి పెంకు పురుగు, 3-4 మి.మీ. ఉంటుంది. గట్టి గింజను కొరకలేదు. పిండి, రవ్వ, నూకలే దాని తిండి. ముక్కు పురుగు తొలిచిన గింజల పొడీ సరిపోతుంది, అందుకే రెండూ ఒకేచోట చేరతాయి. పిండి గులాబి రంగుకు తిరిగి ఘాటు వాసన కొడితే పారేయండి, అది పురుగులు వదిలే క్వినోన్లు అనే రసాయనాల పని.

జవాబు 2: చంపడానికి ఫ్రీజరే నమ్మకం. కిలో ప్యాకెట్లుగా కట్టి మైనస్ 18 డిగ్రీల్లో కనీసం 4 రోజులు, పెద్ద మూటైతే వారం ఉంచండి. నడిమికి చలి ఆలస్యంగా చేరుతుంది. తీశాక గది వేడికి వచ్చేదాకా విప్పొద్దు, చెమ్మ పట్టి బూజొస్తుంది. వేపాకు గింజ లోపలి పురుగును ఏమీ చేయదు.

అసలు అందరూ వదిలేసేది అల్మరాని. అరల్లో పరిచిన కాగితం కింద, మేకుల బెజ్జాల్లో చెంచాడు పిండి ఉన్నా చాలు. వాక్యూమ్‌తో లాగి, ఆ దుమ్ము వెంటనే బయట పారేయండి.

అడిగినవారు: ఎండలో పోస్తేనో? ధాన్యంలో పెట్టే బిళ్లలు?

జవాబు 1: ఎండకు పెద్దవి పారిపోతాయి, తేమ తగ్గుతుంది, అదీ మేలే. లోపలివి చావాలంటే గింజే 55-60 డిగ్రీలకు చేరి గంట నిలవాలి. బిళ్లలు మాత్రం ఇంట్లో వద్దే వద్దు! అల్యూమినియం ఫాస్ఫైడ్‌కు తేమ తగిలితే వచ్చే ఫాస్ఫీన్ వాయువు మనుషుల్నీ చంపుతుంది.

జవాబు 3: పెసలు, అలసందలు కూడా చూసుకోండి. గింజకు అంటుకున్న తెల్లచుక్కలు పుచ్చు పురుగు గుడ్లు. కారం, ధనియాల పొడిలో గూనివీపు గోధుమరంగు పురుగు ఉంటే అది సిగరెట్ పురుగు. పల్చటి ప్లాస్టిక్ కవరును తొలిచేస్తుంది. ఫ్రీజర్ నుంచి తీసిన సరుకును రబ్బరు రింగు మూతున్న గాజు సీసాల్లోకి మార్చండి.