సర్జికల్ వార్డులో వార్నింగ్ స్కోర్ 7 వచ్చినా డాక్టర్ రాకపోతే మీరేం చేస్తున్నారు?

నైట్‌డ్యూటీ సిస్టర్, వరంగల్

మాది ప్రైవేటు ఆసుపత్రి, 32 బెడ్ల సర్జికల్ వార్డు. రాత్రిపూట ఇద్దరమే స్టాఫ్. ఆసుపత్రుల క్వాలిటీ చూసి గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ వాళ్లు వస్తరని మొన్నీమధ్య మాకు ఎర్లీ వార్నింగ్ స్కోర్ చార్ట్ పెట్టిండ్రు, పేషెంట్ దిగజారుతుంటే ముందే పట్టుకునేటందుకు. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో మార్చిన న్యూస్ 2 (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అది. ఊపిరి, ఆక్సిజన్, బీపీ, పల్స్, స్పృహ, జ్వరం, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, ఎంత తేడా ఉంటే అంత ఎక్కువ. ఆక్సిజన్ పెట్టి ఉంటే ఇంకో 2. మొత్తం 5 అయితే డాక్టర్‌కు చెప్పాలె, 7 అయితే ఉరకాలె.

పోయిన బుధవారం రాత్రి, పేగుకు చిల్లు పడి ఆపరేషన్ అయిన పెద్దాయన, మూడో రోజు. 2 గంటలకు పల్స్ 112, బీపీ 108/70, ఆక్సిజన్ 95, జ్వరం 100.8. విడివిడిగా చూస్తే దేనికీ గుండె జారదు. రాత్రి పది గంటలకు ఊపిరి నిమిషానికి 18 అని రాసి ఉంది. నిజం చెప్పాల్నంటే మా వార్డుల అందరికీ 18 లేకపోతే 20 ఉంటది, ఎవరూ లెక్కపెట్టరు. అదే 18 దింపితే స్కోర్ 5. ఆయన మాట్లాడుతుంటే మధ్యల ఆగుతున్నడని, వాచీ పట్టుకొని నిమిషం నిలబడ్డ. 24. స్కోర్ 7 అయింది.

ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టర్, "నొప్పికి అట్లనే ఉంటది సిస్టర్, ట్రమడాల్ ఇవ్వండి" అన్నరు. మూడింటికి మళ్ల చేసిన. 3:40కి వచ్చి పొట్ట మీద చెయ్యి పెట్టంగనే ఆయన మొహం మారింది. లోపల పేగు కుట్టిన కాడ లీక్. తెల్లారక ముందే ఓటీకి తీసుకపోయిండ్రు. ఇప్పుడు ఐసీయూల ఉన్నరు, కోలుకుంటున్నరు.

నాకు దొరికిన మెప్పు: "రాత్రంతా ఫోన్లు చేస్తవట గదా!"

మీ దగ్గర స్కోర్ చెప్తే ఎవరు రావాల్నో రాసి పెట్టిండ్రా?

సర్జరీ పీజీ, గవర్నమెంటు కాలేజీ

నేను ఫోన్ అటు పక్క ఉండేవాణ్ణి, తిట్టుకోకండి. ఒక్క రాత్రిలో క్యాజువాలిటీ, ఓటీ, రెండు వార్డులు. "స్కోర్ 7" అని ఊరుకుంటే నాకు అర్థం కాదు. "బెడ్ 14, లాపరాటమీ (పొట్ట కోసి చేసిన ఆపరేషన్) మూడో రోజు, పదింటికి 3, ఇప్పుడు 7, ఊపిరి నేనే లెక్కపెట్టా, 24" అంటే చెప్పులేసుకుంటూ వింటా.

ఇంకోటి. ఈ స్కోర్లో యూరిన్ లేదు. మా పేషెంట్లలో చాలాసార్లు ముందు తగ్గేది అదే. బీపీకి, గుండెకి ఇచ్చే మెటోప్రొలాల్ మాత్ర వేసుకునేవాళ్లకి పల్స్ పెరగదు కాబట్టి స్కోర్ తక్కువ చూపించి మోసం చేస్తుంది. ఆ పెద్దాయనకి యూరిన్ ఎంత వచ్చింది?

గుంటూరమ్మాయి, లీడ్స్

అక్కా, ఇక్కడ మా వార్డులో ట్యాబ్‌లో ఎక్కిస్తే స్కోర్ అదే వేస్తుంది. 7 వస్తే క్రిటికల్ కేర్ ఔట్‌రీచ్ వాళ్లని (సీరియస్ పేషెంట్లని వార్డుకే వచ్చి చూసే టీమ్) నేనే పిలుస్తా, సర్జన్‌ని అడిగి పిలవాలని లేదు. తేడా అంతా అక్కడే ఉంది, ట్యాబ్‌లో కాదు. ఊపిరి 16 అని కళ్లు మూసుకుని కొట్టేవాళ్లు ఇక్కడా ఉన్నారు. సీఓపీడీ (ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) పేషెంట్లలో కొందరికి ఆక్సిజన్ 88-92 ఉంటే చాలు, వాళ్లకి ఆ స్కేలుకి మార్చడం మర్చిపోతే స్కోర్ ఊరికే పెరిగి రాత్రంతా "నాన్నా పులి" కథే. నాలుగోసారికి ఎవరూ కదలరు.

ఇన్‌ఛార్జ్ సిస్టర్, కాకినాడ

సర్వీసు 22 ఏళ్లు. 5 వస్తే గంటకోసారి వైటల్స్ (పల్స్, బీపీ, ఊపిరి లాంటివి) చూడాలండి. ఇద్దరు స్టాఫ్, 32 బెడ్లు, నలుగురికి 5 వచ్చిందనుకోండి, ఇంజెక్షన్లు ఎవరు చేస్తారు? అందుకే 4 రాసేస్తారు. పిల్లల్ని తిట్టి లాభం లేదు, నేనూ రాశాను ఒకప్పుడు.

అమ్మా, ఫోన్ చేసిన టైము, ఎవరు ఎత్తారు, ఏమన్నారు, నర్స్ నోట్స్‌లో అక్కడికక్కడే రాసెయ్. పొద్దున్న కాదు. ఆ రాత్రి రాశావా?

నైట్‌డ్యూటీ సిస్టర్, వరంగల్

రాసిన మేడమ్, రెండు కాల్స్ రాసిన. అందుకే మెమో రాలేదనుకుంట.

పీజీ గారూ, క్యాథెటర్ రెండో రోజే తీసిండ్రు. యూరిన్ కొలవలే. వాళ్ల అబ్బాయిని అడిగితే "సాయంత్రం ఒక్కసారే పోయిండు" అన్నడు. పదింటికే అడగాల్సింది.