పెడనలో అచ్చు నేర్చుకుని డిజిటల్ ప్రింట్ వేయించాను. తప్పా?

ఎర్రదారం:
అందరికీ నమస్తే. విజయవాడలో ఫ్యాషన్, టెక్స్‌టైల్స్ మూడో ఏడు చదువుతున్నాను. ఈ వేసవిలో నెల రోజులు పెడనలో ఒక కలంకారీ అద్దకం షెడ్డులో పని నేర్చుకున్నాను. పొద్దున్నే మచిలీపట్నం రైలెక్కి వెళ్ళడం, సాయంత్రానికి నల్లబడ్డ వేళ్ళతో ఇంటికి రావడం. వచ్చేటప్పుడు షెడ్డు పెద్దాయన్ని అడిగి కొన్ని చెక్క అచ్చుల ముద్రలు కాగితం మీద తీసుకున్నాను. కాలేజీ కలెక్షన్ కోసం వాటిని స్కాన్ చేసి, కంప్యూటర్లో రిపీట్ కట్టి (ఒకే బొమ్మ బట్టంతా వరసగా వచ్చేలా పేర్చి), మంగళగిరి నూలు బట్ట మీద డిజిటల్ ప్రింట్ వేయించాను. ఆరు డ్రెస్సులు. ఫోటోలు ఇన్‌స్టాలో పెట్టిన రాత్రే పెద్దాయన కొడుకు ఫోన్ చేసి, "ఇందుకా అక్కా నేర్చుకుంది?" అని పెట్టేశాడు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. నేను చేసింది తప్పేనా? మొహమాటం లేకుండా చెప్పండి.

గుంటమగ్గం:
తప్పే అమ్మాయ్. నేర్పింది చేతి పని, నువ్వు తీసుకెళ్ళింది బొమ్మ. మాది మంగళగిరి, మూడు తరాల నేత. మా నిజాం అంచు ఫోటో తీసుకెళ్ళి పవర్‌లూమ్ మీద నేయించి మా పేరుతోనే అమ్మేవాళ్ళని రోజూ చూస్తున్నాం. చేనేతకి కొన్ని రకాలు కేటాయిస్తూ 1985లో చట్టమే వచ్చింది, ఇప్పుడు ఆ జాబితాలో 11 రకాలున్నాయి. ఉండి ఏం లాభం? షాపులో ఎవడు అడుగుతున్నాడు ఏ మగ్గమని? ఆ కుర్రాడికి ఎందుకు మండిందో నాకు బాగా తెలుసు. ఇంతకీ నెల రోజుల్లో నువ్వు నేర్చుకుంది ఏంటి?

వస్త్రలత_బేరం:
బాబాయ్ గారూ, చిన్నపిల్లని భయపెట్టకండి. వన్‌టౌన్‌లో ఇరవై ఏళ్ళుగా బట్టల వ్యాపారం నాది. పెడన పెడన అంటున్నారు, అక్కడే బల్లల మీద స్క్రీన్ ప్రింట్ వేసి కలంకారీ అని లారీలకెత్తడం లేదా? ఎరుపుకి అలిజరిన్ అనే కెమికల్ రంగు పొడి వాడే షెడ్లు ఎన్ని లేవు? వాళ్ళు చేస్తే బతుకుతెరువు, ఈ పిల్ల చేస్తే దొంగతనమా? తల్లీ, ఒక్కటి చెప్పు. నిజంగా నూలు మీదే వేయించావా? ఊళ్ళో చాలాచోట్ల వేసేది సబ్లిమేషన్. కాగితం మీద ప్రింట్ తీసి వేడితో బట్టకి ఎక్కిస్తారు. అది పాలిస్టర్‌కే పట్టుకుంటుంది, నూలు మీద నాలుగు ఉతుకులకి వెలిసిపోతుంది.

ఎర్రదారం:
నూలే సార్, రియాక్టివ్ ప్రింట్, అంటే నూలుకి అంటుకుపోయే రంగులతో వేసేది. ముందు బట్టకి మందు పట్టించి, ప్రింట్ వేశాక ఆవిరి పెట్టి ఉతికారు.

బాబాయ్ గారూ, ఏం నేర్చుకున్నానో చెప్తాను. కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేసిన బట్ట లేత పసుపుగా ఉంటుంది. పాత ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి నానబెట్టిన నీళ్ళని దాని మీద అద్దితే, అచ్చు ఎత్తేలోపే నల్లబడుతుంది. ఇనుము కరక్కాయని తాకితే నలుపే. నాకు అది మొదటి రోజే వచ్చేసింది. ఏడిపించింది ఎరుపు. ఎరుపని మనం అనుకుంటాం గానీ బట్ట మీద అద్దేది పటిక. ఎక్కడ అద్దామో కనబడదు కాబట్టి ఉతికితే పోయే రంగు కాస్త కలుపుతారు. తర్వాత పారే నీళ్ళలో జాడించి, రాగి కాగులో రంగుతో ఉడికిస్తేనే ఎరుపు తేలుతుంది. మొదటి వారం నా గుడ్డ కాగులోంచి తీసి చూస్తే అంచుల వెంట ఎర్రటి వేలిముద్రలు, ఐదు వేళ్ళూ వరసగా! పటిక అంటిన చేత్తోనే గుడ్డ పట్టుకున్నాను మరి. ఎంత ఉతికినా పోలేదు. పెద్దాయన నవ్వి ఊరుకున్నారు. ఆ గుడ్డ ఇంకా నా దగ్గరే ఉంది.

కత్తెర_గుంటూరు:
నేను గుంటూరులో ఇదే సబ్జెక్టు చెబుతానండి. ఇక్కడ మూడు సంగతులు ఒకే మూటలో కట్టి కొట్టుకుంటున్నారు. పద్ధతి ఎవరైనా నేర్చుకోవచ్చు, నేర్పినవాళ్ళు అందుకే నేర్పారు. బొమ్మ సంగతి వేరు. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం కొత్త డిజైన్ అయితేనే రిజిస్టర్ చేస్తారు, రక్షణ పదేళ్ళు, ఇంకో ఐదేళ్ళు పొడిగించుకోవచ్చు. తాతల నాటి మామిడి పిందె బొమ్మ మీద ఎవరికీ హక్కు రాదు. ఇక పేరు. మచిలీపట్నం కలంకారీకి జీఐ ఉంది, అంటే ఆ ఊరి సరుకుకే ఆ పేరు చెందుతుందనే ప్రభుత్వ గుర్తింపు. చేత్తో అచ్చు వేసి సహజ రంగులతో చేసిన పనికి ఆ పేరు, మిషన్ ప్రింట్‌కి వాడకూడదు. అందుకే అడుగుతున్నాను, ఇన్‌స్టాలో ఏమని రాశావమ్మా?

ఎర్రదారం:
'మచిలీపట్నం కలంకారీ కలెక్షన్' అని రాశాను మేడమ్.

గుంటమగ్గం:
చూశారా!

కత్తెర_గుంటూరు:
అయితే ఆ అబ్బాయి కోపంలో న్యాయం ఉంది. ఇవాళే మార్చెయ్.

వస్త్రలత_బేరం:
మేడమ్ గారూ, మా షాపులో ఆడవాళ్ళు 'కలంకారీ' అంటే ఆ నెమళ్ళూ తీగలూ ఉన్న బట్ట అనే అర్థం. జీఐ కాయితం చూపించమని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. జనం నోట్లో పడ్డ మాటకి తాళం వేస్తారా?

పాతపుస్తకం:
నేర్చుకుని పట్టుకెళ్ళడం మన తీరంలో కొత్తేం కాదు. ఫ్రెంచి పాదిరీ కెర్దూ ఇక్కడ మతం మార్చుకున్న అద్దకం పనివాళ్ళ దగ్గర కూర్చుని పద్ధతంతా కనుక్కుని, 1742లో ఉత్తరం రాసి తన దేశానికి పంపాడు. కరక్కాయ, పాలు, పటిక, అన్నీ వివరంగా. ఆయన తెలుగు బాగా చదువుకున్నవాడు, నిఘంటువు కూడా కూర్చాడు. భాష మీద అంత ప్రేమున్న మనిషి పనివాళ్ళ గుట్టు మాత్రం ఊరందరికీ చెప్పాడు. అంతకు ముందే, 1721లో, మన అద్దకం బట్టల దెబ్బకి ఇంగ్లండ్ వాళ్ళు అచ్చు వేసిన నూలు బట్టలు కట్టుకోవడమే చాలావరకు నిషేధించారు. తర్వాత వాళ్ళ మిల్లుల్లో వాళ్ళే అచ్చులేసుకున్నారు. ఈ అమ్మాయిని పాదిరీతో పోల్చడం అన్యాయమే అనుకోండి, కానీ గుర్తొచ్చింది.

వస్త్రలత_బేరం:
నిజంగానే అన్యాయం. ఆయన వెనక కంపెనీలున్నాయి, ఈ పిల్ల వెనక కాలేజీ ఫీజుంది.

కొత్తబిచ్చగాడు:
అక్కా ఆ రియాక్టివ్ ప్రింట్ మీటరుకి ఎంత తీసుకున్నారు? ఎక్కడ?

గుంటమగ్గం:
నాయనా, ఇక్కడ నడిచేది వేరే గొడవ.

ఎర్రదారం:
పేరు మార్చాను. 'పెడన అచ్చుల ముద్రల ఆధారంగా డిజిటల్ ప్రింట్' అని రాసి ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. గంటసేపు మాట్లాడాడు. పేరు సంగతి ఒక్క మాటలో వదిలేశాడు. అతని బాధ ఇంకోటి. రిపీట్ కట్టేటప్పుడు అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకులన్నీ సరిచేసేశాను. చేత్తో వేస్తే పక్క అచ్చు ఆనించే మూల దగ్గర గీత కొంచెం రెట్టింపవుతుంది, ఒకచోట రంగు చిక్కగా దిగుతుంది. వాళ్ళ నాన్న ఎడం నుంచి కుడికి వెళ్ళేకొద్దీ చెయ్యి బరువు తగ్గి ముద్ర పలచబడుతుందట, నాలుగు అచ్చులకోసారి మళ్ళీ చిక్కబడుతుందట. "బట్ట చూసి అది నాన్న బల్లా, బాబాయి బల్లా చెప్పేస్తాను. నీ బట్టలో ఎవరూ లేరక్కా" అన్నాడు. నేను నాలుగు రాత్రులు కూర్చుని తుడిచేసింది అదే. కాలేజీలో దానికే మార్కులు బాగా వచ్చాయి.

కత్తెర_గుంటూరు:
మార్కులు వేసేది మా బోటి వాళ్ళమే. 'నీట్‌గా ఉంది' అని నేనూ ఎన్నిసార్లు వేశానో.

వస్త్రలత_బేరం:
అయినా నా మాట నాదే. అతుకు కనబడితే కస్టమరు డిఫెక్ట్ అని వెనక్కి పడేస్తాడు. చేత్తో చేసిందని నేను చెబితే తగ్గించి ఇమ్మంటాడు. మీరంతా బట్ట చేసేవాళ్ళు, అమ్మేవాడిని నేను.

గుంటమగ్గం:
అది మాత్రం ఒప్పుకుంటానయ్యా.

ఎర్రదారం:
ఇంకో సంగతి. మాటల చివర్లో అతనే అడిగాడు, ఆ స్కాన్లు ఉన్నాయా అని. వాళ్ళ పాత మామిడి పిందె అచ్చు అంచు విరిగిపోయిందట, చెక్కినాయన ఇప్పుడు లేడట. నా ఫైలు అసలు సైజులో ప్రింట్ తీసిస్తే ఆ గీతని టేకు చెక్క మీదకి దించి కొత్తది చెక్కించుకుంటారు. అతుకులు తుడవని మొదటి స్కాన్ కూడా నా దగ్గరుంది, అదే ఇస్తాను. సోమవారం వెళ్తున్నాను. ఆరింట్లో రెండు డ్రెస్సులు ఈసారి చేత్తో అద్దుతాను, వాళ్ళ బల్ల మీదే.

వస్త్రలత_బేరం:
ఫైలు ఊరికే ఇచ్చేస్తున్నావా తల్లీ?

ఎర్రదారం:
ముద్రలు నాకు ఊరికేగా ఇచ్చారు సార్.

గుంటమగ్గం:
అమ్మాయ్, సోమవారం రైలెక్కే ముందు బట్ట ఏ ఇంట్లో కొన్నావో గుర్తుతెచ్చుకో. మా బట్టకి గంజి గట్టిగా ఉంటుంది. ఉడకబెట్టి గంజి మొత్తం వదిలించాకే కరక్కాయ నీళ్ళలో వెయ్యి. లేకపోతే మచ్చలు మచ్చలుగా పట్టి, తప్పు మా నేతదంటారు వాళ్ళు.