రామప్ప, ఖజురహో, కోణార్క్: శృంగార శిల్పాల గుళ్లకు హైదరాబాద్ నుంచి ఎలా ప్లాన్ చేసుకోవాలి?

గోల్కొండ గాలిపటం:
డిసెంబరులో పాత గుళ్లు చూడాలనుకుంటున్నాం. మదనికలు (గుడి చూరు కింద ఉండే అందగత్తెల బొమ్మలు), మిథున శిల్పాలు (ప్రేమజంటల బొమ్మలు) బాగా ఉన్నవి కావాలి. ఒకటి రెండు రోజుల్లో తిరిగొచ్చేలా దగ్గర్లోది, ఇంకోటి దూరంది. దూరానికి ఖజురహోనా, కోణార్కా? అమ్మానాన్న, పదేళ్ల పాప వస్తారు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. ఫొటోలు కూడా ముఖ్యం. ఏ పూట వెళ్తే వెలుతురు బాగుంటుందో చెప్పండి.

చూరుకింద:
దగ్గర్లో అంటే రామప్పే. 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన శివాలయం, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. మీరు వెతుకుతున్న మదనికలు మూడు వాకిళ్ల దగ్గర, వాకిలికి నలుగురు చొప్పున పన్నెండుమంది. స్తంభానికీ చూరుకీ మధ్య ఏటవాలుగా ఆనించి ఉంటారు కాబట్టి మెడ ఎత్తి చూడాల్సిందే. ఒంటికి పాములు చుట్టుకున్న నాగిని, కాలి ముల్లు తీయించుకునే ఆమె, చీర లాగే కోతిని అదిలించే ఆమె, ఎత్తు మడమల చెప్పులామె: ఈ నలుగురినీ గుర్తుపడితే మిగతావాళ్ల దగ్గర కళ్లు వాటంతటవే ఆగుతాయి. గోడలు ఎర్ర ఇసుకరాయి, వీళ్లు మాత్రం అద్దంలా నున్నటి నల్లరాయి.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పొద్దున ఏడింటికి హైదరాబాద్‌లో బయల్దేరి, దారిలో వేయిస్తంభాల గుడి చూసుకుని, హనుమకొండలో భోంచేసి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. ఎండ నడినెత్తిన ఉంటే చూరు నీడ సరిగ్గా బొమ్మల మీదే పడుతుంది. ముందురోజు రాత్రి హనుమకొండలో దిగి, తెల్లవారకముందే లేచి వెళ్లండి. డెబ్భై కిలోమీటర్ల లోపే. గుడి తూర్పుముఖం, పొద్దుటి ఏటవాలు ఎండ చూరు కిందికి దూరుతుంది. తూర్పు వాకిలి మదనికలను ముందు చూసేయండి, మిగతా రెండు వాకిళ్లు తర్వాత.

ఫొటో సంగతి: కింద నుంచి తీసేటప్పుడు వెనక ఆకాశం పడితే బొమ్మ నల్లటి మచ్చయిపోతుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (కెమెరాలో +1) పెంచండి. ఫ్రేమంతా నల్లరాయే ఉంటే కెమెరా దాన్ని బూడిదరంగు చేసేస్తుంది, అప్పుడు అర నుంచి ఒక స్టాప్ తగ్గించండి. పూజ జరిగే గుడి, చెప్పులు కింద వదలాలి. సాక్సులు పెట్టుకోండి. వేసవిలోనైతే అవి లేకుండా ప్రదక్షిణ పథం మీద నాలుగడుగులు కూడా వేయలేరు. గర్భగుడి ద్వారం పక్కన పొన్నచెట్టు ఎక్కిన కృష్ణుడి బొమ్మను వేలితో కొట్టి స్వరాలు వినిపిస్తామనేవాళ్లు ఎదురైతే వద్దనండి. ఎనిమిది వందల ఏళ్ల రాయి, రోజూ వందమంది మీటుతుంటే ఏమవుతుంది?

నంపల్లి నైట్:
దూరానికి నా ఓటు ఖజురహోకి. పెద్దవాళ్లుంటే మాత్రం ఇలా చేయండి. నాంపల్లి నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే బయల్దేరి అర్ధరాత్రి దాటాక ఝాన్సీలో దింపుతుంది. టికెట్ తీసేటప్పుడు స్టేషన్ పేరు వీరాంగన లక్ష్మీబాయి ఝాన్సీ అని కనిపిస్తుంది, కంగారుపడకండి. ఆ రాత్రికి అక్కడే గది తీసుకుని పొద్దున కారులో వెళ్లండి, సుమారు 175 కిలోమీటర్లు. డిసెంబరు పొగమంచుకి పోయేటప్పుడు పెద్ద ఇబ్బంది ఉండదు. తిరుగు రైలు ఢిల్లీ వైపు నుంచి రావాలి కాబట్టి గంటల తరబడి లేటవుతుంది. తిరిగొచ్చిన మర్నాడే ఆఫీసు పెట్టుకోవద్దు.

ఖజురహో గుళ్లు సమూహాలుగా ఉంటాయి. లక్ష్మణ, కందారియ లాంటి పెద్ద గుళ్లున్న పశ్చిమ సమూహానికి టికెట్ మనకు 40 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఉచితం. వెలుతురు లెక్క తేలిక. గుళ్లు దాదాపు అన్నీ తూర్పుముఖం. డిసెంబరులో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు, కాబట్టి దక్షిణం గోడలకు రోజంతా ఎండ, ఉత్తరం గోడలకు అసలుండదు. లోతు కనబడాలంటే దక్షిణం గోడలను పొద్దున పదిలోపో, సాయంత్రం మూడున్నర తర్వాతో చూడండి. మధ్యలో ఉత్తరం గోడలు చూసుకోండి. అక్కడ నీడ మెత్తగా ఉంటుంది, ఏ గంటకైనా ఒకటే. దక్షిణ సమూహంలో చతుర్భుజ గుడి మాత్రం పడమటిముఖం, దాన్ని సాయంత్రానికి అట్టేపెట్టండి. దాని మీద మిథున శిల్పాలు ఉండవు.

నాన్నగారికి: లక్ష్మణ, కందారియ మహాదేవ గుళ్లు రెండూ ఎత్తైన వేదికల మీద ఉన్నాయి, మెట్లు నిటారు. కందారియ, జగదంబి గుళ్లది ఒకే వేదిక, ఒకసారి ఎక్కితే రెండూ అయిపోతాయి. ఎక్కలేకపోతే పచ్చిక మీద కూర్చుని ఎనిమిది రెట్ల బైనాక్యులర్‌తో చూడొచ్చు. కందారియ 30 మీటర్లకు పైనే ఎత్తు, పై వరసలు ఎవరికైనా బైనాక్యులర్‌తోనే దక్కుతాయి.

కటకం దారి:
కోణార్క్‌ను తక్కువ చేయకండి. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్కి భువనేశ్వర్‌లో దిగితే రోడ్డు మీద 65 కిలోమీటర్లే. కోణార్క్ నుంచి పూరీ 35 కిలోమీటర్లు, అమ్మావాళ్లకు జగన్నాథుడి దర్శనం కూడా అవుతుంది. రథంలా కట్టిన సూర్యుడి గుడి, 24 చక్రాలు, జగమోహనం (గర్భగుడి ముందుండే మండపం) గోడల మీద మనిషంత మిథునాలు. కానీ రాయి ఖొండలైట్, ఉప్పుగాలికి ముఖాలు అరిగిపోయాయి. చెక్కుడు పదును చూడాలంటే పచ్చటి క్లోరైట్‌లో చేసిన సూర్యుడి విగ్రహాల దగ్గర ఆగండి. జగమోహనం లోపలికి వెళ్లలేరు, 1903లో ఇసుక నింపి మూసేశారు. మ్యూజియం శుక్రవారం సెలవు.

గోల్కొండ గాలిపటం:
ఖజురహోకే మొగ్గుతున్నాం. పాప ఎదురుగా ఇబ్బంది అవుతుందా? ఇంట్లో పెద్దవాళ్లు “ఆ బూతు బొమ్మలు దిష్టికి, పిడుగు పడకుండా పెడతారు” అంటున్నారు. గైడ్లేమో కామసూత్ర ఆసనాలంటారట. ఏది నిజం?

చూరుకింద:
దిష్టి, పిడుగు అనేది మన దగ్గరే కాదు, చాలాచోట్ల జనం చెప్పుకునే మాటే. కానీ ఖజురహోలో అవి ఎక్కడున్నాయో చూస్తే ఆ మాట చాలదనిపిస్తుంది. పెద్ద మిథునాలన్నీ గోడల మీద ఎక్కడపడితే అక్కడ లేవు, మహామండపం గర్భగుడితో కలిసే సంధిగోడ మీద ఉన్నాయి. రెండు కట్టడాలు కలిసేచోట రెండు దేహాలు కలిశాయి, శిల్పి వేసిన శ్లేష అది అంటారు కళాచరిత్రకారిణి దేవాంగనా దేశాయ్. కామసూత్రానికి వరసగా బొమ్మలు వేశారనడానికి మాత్రం ఆధారం లేదు. బ్యాడ్జీ ఉన్న గైడునే పిలిచి, “సంధిగోడ చూపించండి” అని ముందే అడగండి. మిగతా కథలు తగ్గిస్తాడు.

పాప విషయానికి వస్తే, కంటి ఎత్తులో పచ్చిగా ఉన్నవి లక్ష్మణ గుడి వేదిక చుట్టూ ఉన్న పట్టీలో, దక్షిణం వైపు. అటు తిప్పకుండా నేరుగా మెట్లెక్కించండి. అదే పట్టీలో ఏనుగులు, గుర్రాలు, సైనికుల బారులు కూడా ఉన్నాయి, అవి చూపించొచ్చు. తూర్పు సమూహంలోని పార్శ్వనాథ జైనాలయంలో కాటుక దిద్దుకునే అప్సర పిల్లలకు ఇట్టే నచ్చుతుంది.

చౌరస్తా చాయ్:
ఎవరూ అలంపురం పేరెత్తలేదేం? కర్నూలు హైవే మీద అలంపూర్ చౌరస్తా దగ్గర తిరగాలి. ఏడో శతాబ్దపు బాదామి చాళుక్యుల నవబ్రహ్మ గుళ్లు, స్వర్గబ్రహ్మ గోడల మీద జంటలు. రామప్ప కన్నా అయిదు వందల ఏళ్లకు పైగా పాతవి. జోగులాంబ దర్శనానికి పోయి ఇవి చూడకుండా వచ్చేసేవాళ్లే ఎక్కువ.