‘ఒకని కంచములోని దొడిసి’: ఆ ‘దొ’ ఎక్కడిది?

యాప్ రాస్తున్న సభ్యుడు: రాత్రి నుంచి ఒక పద్యపాదం వదలడం లేదు. కిరాణా సరుకుల యాప్ రాస్తున్నాను. పట్టికలో ప్రతి వరుస చివరా ‘తొలగించు’ బటన్ ఉంది. ఉప్పు, కందిపప్పు, బెల్లం. ఉప్పును తొలగించాక కందిపప్పు బటన్ నొక్కితే బెల్లం పోతోంది! వెంటనే పోతన భాగవతంలో కృష్ణుడూ గోపబాలురూ చల్దులు తినే పద్యం గుర్తొచ్చింది. పక్కవాడి కంచంలోది మింగేసి ‘చూడు, లేదు’ అని నోరు చూపించే పిల్లవాడు ఉన్నాడు కదా. ‘ఒకని కంచములోని’ తరవాత ‘దొడిసి’యా, ‘తొడిసి’యా? మా తాతగారి నోట ‘తొడిసి’ అని విన్నట్టే ఉంది.

ఛందోభిమాని: ‘దొడిసి’ అనే క్రియ లేదండీ. కంచములోనిది + ఒడిసి. ఈ పద్యం సీసం. సీసంలో మొదటి గణానికి మూడో గణంతో యతి, అంటే వాటి మొదటి అక్షరాలు కలవాలి. ‘ఒకని’లోని ఒకారానికి ‘ఒడిసి’లోని ఒకారం సరిపోయింది. ‘తొడిసి’ అంటే ఆ యతి పోతుంది.

తెలుగు మాస్టారు: సీసంలో ప్రాసయతీ చెల్లుతుంది, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిసినా చాలు, అది మరిచారు.

ఛందోభిమాని: మరవలేదు మాస్టారూ. ‘ఒకని’లో రెండో అక్షరం క, ఇక్కడ డ. ప్రాసయతి కుదరదు. అచ్చుకు అచ్చు కలిసే స్వరయతే దిక్కు.

తెలుగు మాస్టారు: సరే, ఒప్పుకున్నాను. కానీ ‘ఒడిసి’ అంటే ఉత్త తీసుకోవడం కాదు. ‘ఒడిసిపట్టు’లో ఉన్న ఒడుపు అందులో ఉంది. పిట్టలను కొట్టే ఒడిసెల కూడా ఈ మాటకు చుట్టమే అని నా నమ్మకం.

తోటి ప్రోగ్రామర్: మీ బెల్లం సంగతి. బటన్‌కు వరుస సంఖ్యను ట్యాగ్‌గా, అంటే గుర్తుగా, తగిలించారు కదూ? వరుసల లెక్క సున్నా నుంచి మొదలు. ఉప్పు పోయాక పప్పు ఒకటో వరుస నుంచి సున్నాకు జరిగింది, ట్యాగ్ మాత్రం ఒకటిగానే మిగిలింది. నొక్కిన క్షణంలో ఆ గడి ఇప్పుడు ఏ వరుసలో ఉందో పట్టికనే అడగండి, లేదా సరుకు ఐడీని పట్టుకోండి. ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ తెర జరుపుతుంటే పాత గడులే కొత్త వరుసలకు వస్తాయి. కాబట్టి బటన్‌ను నమ్ముకోకూడదు.

పోతన పాఠకురాలు: ఆ ముందున్న ‘జలజాంతస్థిత కర్ణికం’ మత్తేభ పద్యం మరిచిపోతే ఎలా? తామర దుద్దు చుట్టూ రేకుల్లా పిల్లలంతా కృష్ణుడి చుట్టూ కూర్చున్నారు. అక్కడ వరుసే లేదు, కడబంతి లేదు. ప్రతివాడికీ కృష్ణుడు ఎదురుగానే ఉన్నాడు. చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

యాప్ రాస్తున్న సభ్యుడు: ఐడీతో సరిపోయిందండీ, బెల్లం నిలిచింది. ఇంకొక్కటి. ‘ఒడిసి చయ్యన మ్రింగి’లో ‘చయ్యన’, అంటే చటుక్కున, అన్నది ఒడియడానికా, మింగడానికా?

ఛందోభిమాని: మింగడానికే. ఆ మాట దాని పక్కనే ఉంది.

తెలుగు మాస్టారు: కాదు. కంచం మీద చెయ్యి పడేటప్పుడే ఆ వేగం కావాలి. రెండు క్రియల నడుమ పోతన ఊరికే పెట్టలేదు.

పోతన పాఠకురాలు: ఇద్దరూ ఒకసారి గొంతెత్తి చదివి చూడండి.