పాతబడిన ఇంజిన్ బెల్టును ఇంటి వద్దే మార్చుకోవచ్చా?

ప్రశ్న (కాకినాడ నుంచి)

నమస్కారం. నా పెట్రోలు కారు 2013 నాటిది. ఇప్పటికి 92,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా ఉదయం స్టార్టు చేయగానే ఇంజిన్ వద్ద కీచుమని శబ్దం వచ్చి నిమిషంలో ఆగిపోతోంది, ఏసీ వేస్తే మళ్లీ మొదలవుతోంది. బానెట్ ఎత్తి టార్చి వెలుగులో చూశాను. మెకానిక్కులు ఫ్యాన్ బెల్టు అనే ఆ బెల్టుకు ఒక అంచున పోగులు లేచాయి. లోపలి వైపు నునుపుదేరి మెరుస్తోంది కానీ పగుళ్లు ఎక్కడా లేవు. మా వీధి చివరి షెడ్డులో చూపిస్తే, పగుళ్లు లేవు కాబట్టి మరో ఏడాది నడుస్తుందన్నారు.

ఇంజిన్ ఆయిలు, ఎయిర్ ఫిల్టరు, స్పార్కు ప్లగ్గులు నేనే మార్చుకుంటాను. పానాల సెట్టు ఉంది. అయితే ఈ బెల్టు విప్పితే ఇంజిన్ టైమింగు (లోపల వాల్వులు, పిస్టన్లు పొందికగా కదిలే క్రమం) తప్పుతుందేమోనని వెనకాడుతున్నాను. బెల్టు దారి చూపే స్టిక్కరు ఎప్పుడో ఊడిపోయింది. బెల్టును తనంతట తానే బిగుతుగా ఉంచే స్ప్రింగు టెన్షనరు నాకు కనిపించలేదు, బ్యాటరీని ఛార్జి చేసే డైనమో బ్రాకెట్‌లో ఒక పొడవాటి బోల్టు మాత్రం ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (విజయవాడ ఆటోనగర్ నుంచి)

టైమింగు గురించి మీరు భయపడనక్కర లేదండీ. టైమింగు బెల్టుకు పళ్లుంటాయి, అది ఇంజిన్ పక్కన మూత లోపల ఉంటుంది. కొన్ని ఇంజిన్లలో దాని బదులు గొలుసు ఉంటుంది. ఆ మూత జోలికి మీరు వెళ్లవద్దు. మీకు కనిపిస్తున్నది క్రాంక్ పుల్లీ (ఇంజిన్ ప్రధాన ఇరుసు చివరి చక్రం) నుంచి డైనమోను, వాటర్ పంపును, ఏసీ కంప్రెసరును తిప్పే బయటి బెల్టు. దాన్ని ఎటు తిప్పి ఎక్కించినా టైమింగు మారదు.

పగుళ్లు లేవు కాబట్టి ఫరవాలేదన్న మాటతో నేను ఏకీభవించలేను. పూర్వపు నియోప్రీన్ రబ్బరు బెల్టులు పాతబడితే అడ్డంగా పగిలేవి, అందువల్ల పగుళ్లను బట్టి ఆయుష్షు చెప్పగలిగేవాళ్లం. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు బెల్టులు పగలకుండానే టైరులా అరిగిపోతాయి. లోపలి వైపు పొడుగునా ఉండే గట్లు అరిగి, వాటి మధ్య చాళ్లు వెడల్పయితే బెల్టు పుల్లీలోకి లోతుగా దిగి, పట్టు తప్పి జారుతుంది. లోపలి వైపు మెరుపు ఆ జారుడు వల్ల వచ్చిందే.

నన్ను ఆలోచింపజేస్తున్నది మీరు చెప్పిన ఆ పోగులు లేచిన అంచు. వయసు వల్ల అరిగే బెల్టు వెడల్పంతా సమానంగా అరుగుతుంది. ఒకే అంచు చిరిగిందంటే ఏదో ఒక పుల్లీ వరుస తప్పి ఉండాలి, లేదా దాని బేరింగు ఊగుతూ ఉండాలి. ఆ సంగతి తేల్చకుండా కొత్త బెల్టు వేస్తే, అది కూడా కొద్ది నెలలలోనే అదే అంచున చిరుగుతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి. బెల్టు దారిని రెండు మూడు వైపుల నుంచి ఫోటో తీసి, కాగితం మీద కూడా గీసుకోండి. డైనమో కింది ఇరుసు బోల్టును, పైన బిగింపు బోల్టును కొద్దిగా వదులు చేసి, ఆ తరువాతే మీరు చూసిన పొడవాటి బోల్టును విప్పుతూ పోతే, డైనమో ఇంజిన్ వైపు జరిగి బెల్టు వదులవుతుంది. బిగింపులు వదలకుండా పొడవాటి బోల్టును బలవంతంగా తిప్పితే మరలు పోతాయి. ముందు చక్రం తీయవలసి వస్తే కారును స్టాండు మీద నిలపండి; జాకీనో ఇటుకలనో నమ్మి కింద తల పెట్టకండి.

బెల్టు తీశాక అసలు పని చేయండి: ప్రతి పుల్లీని చేత్తో తిప్పి, పట్టుకుని ఊపి చూడండి. గరగరలాడకూడదు, ఊగకూడదు. వాటర్ పంపు కింద ఎండిన కూలెంటు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మరకలు ఉన్నాయేమో ప్రత్యేకంగా గమనించండి.

జవాబు 2 (అమెరికా, డల్లాస్ నుంచి)

పై సలహా అంతా నిజం. ఇక్కడ కూలి ఖర్చు ఎక్కువ కావడంతో నేను ఈ పని చాలాసార్లు స్వయంగా చేసుకున్నాను. మొదటిసారి మాత్రం బెల్టును కంప్రెసరు పుల్లీ మీద ఒక చాలు పక్కకు ఎక్కించాను. పైనుంచి చూస్తే సరిగానే కనిపించింది, మరుసటి రోజు హైవే మీద ఒక గట్టు చీలి బెల్టంతా ఊడిపోయింది. బ్యాటరీ దీపం వెలిగింది, వాటర్ పంపు ఆగడంతో ఇంజిన్ వేడెక్కసాగింది. వెంటనే పక్కకు ఆపాను కాబట్టి సిలిండరు హెడ్డు దక్కింది. అందుకే బిగించిన తరువాత ప్రతి పుల్లీ అంచు మీద వేలు పెట్టి తడిమి చూడండి, ఆపై క్రాంక్ పుల్లీని పానాతో రెండు చుట్లు తిప్పి మళ్లీ తడమండి.

కొత్త బెల్టును కంటి అంచనాతో కొనవద్దు. పాత బెల్టు వీపు మీద ఉదాహరణకు 6పీకే1200 అని ఉంటే, అందులో 6 గట్ల సంఖ్య, 1200 మిల్లీమీటర్లలో పొడవు. అదే అంకె చూసి తీసుకోండి. శబ్దం పోవడానికి స్ప్రే కొట్టమని కొందరు చెబుతారు. దానివల్ల జిగురు పేరుకుని దుమ్ము అంటుకోవడమే తప్ప ప్రయోజనం ఉండదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న బెల్టు విప్పాను. డైనమో పుల్లీ మెత్తగా తిరిగింది, ఏసీ పుల్లీ కూడా అంతే. వాటర్ పంపు పుల్లీని పట్టుకుని ఊపితే మాత్రం స్పష్టంగా ఆడుతోంది, దాని కింద ఆకుపచ్చటి పొరలా ఎండిన మరక ఉంది. కూలెంటు ట్యాంకులో మట్టం కనీస గీత కంటే కొంచెం కిందికి వచ్చింది. కొత్త బెల్టు తెచ్చి పెట్టుకున్నాను. వేయవచ్చా?

జవాబు 1 (విజయవాడ ఆటోనగర్ నుంచి)

ఇప్పుడు వేయవద్దండీ. పంపు బేరింగు పోయింది, సీలు కారుతోంది. పంపు మార్చాకే కొత్త బెల్టు వేయాలి. పుల్లీ అంతగా ఆడుతున్నప్పుడు పాత బెల్టుతోనైనా దూరం నడపడం మంచిది కాదు, వీలైతే మెకానిక్కునే ఇంటికి పిలిపించండి. కొన్ని ఇంజిన్లలో పంపు మార్చాలంటే టైమింగు మూత తెరవాలి, కాబట్టి ఆ పనిని మీరు ప్రయత్నించకండి.

బెల్టు బిగింపు మీరే చూసుకోవచ్చు. రెండు పుల్లీల మధ్య పొడవైన భాగాన్ని బొటనవేలితో గట్టిగా, సుమారు 10 కిలోల బలంతో నొక్కితే ఎన్ని మిల్లీమీటర్లు దిగాలో మీ కారు సర్వీసు పుస్తకంలో ఉంటుంది. కొత్త బెల్టుకు, వాడిన బెల్టుకు వేర్వేరు కొలతలు ఇస్తారు. జారుతుందన్న భయంతో చాలామంది అతిగా బిగిస్తారు, దాంతో డైనమో బేరింగూ కొత్త పంపు బేరింగూ త్వరగా పోతాయి. ఇంజిన్ పది నిమిషాలు నడిపి, ఆపి, చల్లారాక మళ్లీ కొలవండి, ఎందుకంటే కొత్త బెల్టు మొదట్లో కొంత సాగుతుంది. కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మరొకసారి చూడండి.

ప్రశ్న అడిగినవారు

ఆదివారం మెకానిక్కు ఇంటికి వచ్చి పంపు మార్చారు, కూలెంటు కొత్తది పోసి అందులో చిక్కిన గాలి తీశారు. బెల్టును నేనే ఎక్కించి, మీరు చెప్పినట్లు ప్రతి పుల్లీ అంచునూ తడిమి చూశాను. పది నిమిషాల తరువాత కొలిస్తే నిజంగానే కొంత వదులైంది, సరిచేశాను. ఈ ఉదయం ఏసీ వేసి స్టార్టు చేసినా శబ్దం రాలేదు. 500 కిలోమీటర్లు తిరిగాక బిగింపు మళ్లీ కొలిచి ఇక్కడే రాస్తాను.